బాపమ్మ వంతు

తలుపుకు 90 రోజులు

ఈ పుస్తకం మా వాడ నర్సు ప్రమీల సిస్టర్ ఇచ్చింది. ఇంటికొకటి. రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాదీ కలిసి వ్యాయామం చేయాలట, చేసిందంతా ఇందులో రాయాలట. చేయడమే ఎక్కువనుకుంటే రాయడం కూడా నా మెడకే చుట్టారు. మా ఆయన ఓదేలు రాత ఆయనకే అర్థం కాదు. అత్తమ్మ కొమురవ్వకు కళ్ళు ఆనవు. మా పిల్ల తొలకరికి పన్నెండేళ్ళు, బడిలో ఇచ్చింది రాయడానికే ఏడుస్తుంది. ఇక మిగిలింది నేను, సుగుణను, రోజంతా మిషను ముందు కూర్చుని నిద్రబట్టలు కుట్టేదాన్ని.

పోయినేడు వరకు ఈ బాధ లేదు. ఎండలు ముదరగానే పాత బొగ్గుగనిలోకి దిగి, తలుపు మూసి, మంచులా చల్లగా ఉండే అరల్లో అరకొకరం పడుకునేవాళ్ళం. మనిషికో పంపు. అది నిమిషానికి ఆరుసార్లు కొడితే గుండె కూడా ఆరుసార్లే కొట్టుకునేది. నూట పది రోజులు పోయి, ఆరుద్ర వానలు పడ్డాక తలుపు తీస్తే లేచి బయటికి వచ్చేవాళ్ళం. ఇప్పుడు పంపులు పాతబడ్డాయి, కొత్తవి చేసే వాళ్ళు లేరు. పోయినేడు మా వాడలో ఏడుగురు లేవలేదు. అందులో మా మామయ్య ఒకరు.

అందుకని ఈ ఏడు మంచి పంపులు ఏరి ఇంటికొకటి ఇస్తున్నారు. నలుగురికీ ఒకే అర, ఒకే పంపు. ఒక్క పంపు మాట నాలుగు గుండెలు వినాలంటే అవి ముందే కలిసి కొట్టుకోవడం నేర్చుకోవాలి. కలిసి ఎగిరి, కలిసి ఆయాసపడి, కలిసి చల్లబడితే గుండెలు దారికొస్తాయని సిస్టర్ చెప్పింది. తలా ఒక పట్టీ మణికట్టుకు కట్టింది. దాని మీద కనిపించే అంకె పేరు తేడా. పుస్తకం రాసే మనిషి గుండె సున్నా అట, అంటే నాది. నా ఒక దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య దూరం వంద అనుకుంటే, మిగతావాళ్ళ గుండె ఎన్నో అంకె దగ్గర పడుతుందో పట్టీ చెబుతుంది. తలుపు మూయడానికి పది రోజుల ముందు పరీక్ష. అయిదు దాటిన వాళ్ళు ఒంటి అరలకు, అంటే ఆ పాత పంపులకు పోవాలి.

ఇవాళ చేసింది: ఏమీ లేదు. చలిగా ఉంది.

తలుపుకు 87 రోజులు

వాడ మధ్యలో స్తంభానికి మైకు కట్టారు. పొద్దున ఆరింటికి ఒక గొంతు "చేతులు పైకి, ఒకటి, రెండు" అంటుంది. ఏ ఇంటి వాకిట్లో చూసినా చేతులు లేస్తున్నాయి. మా వాకిట్లో మాత్రం తలా ఒక దిక్కు లేస్తున్నాయి. ఓదేలు వంగితే పొట్ట అడ్డం వస్తుంది. తొలకరి కళ్ళు మూసుకునే చేతులూపుతుంది. అత్తమ్మ రెండు చేతులెత్తి గడప మీద కూర్చుంది.

"గిదేం ఎగురుడే సుగుణా? పని లేని ఎగురుడు. నా పానం ఒప్పుతలేదు" అంది.

తేడాలు: ఓదేలు 41, తొలకరి 18, అత్తమ్మ 67. నిన్న వేరే అంకెలు, మొన్న ఇంకా వేరే.

తలుపుకు 79 రోజులు

మూడు రోజులు ఎగ్గొట్టాం. సిస్టర్ వచ్చి వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా తిట్టింది. తొలకరి బుంగమూతి పెట్టుకుని గదిలోకి పోయింది. అత్తమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నన్ను ఒంటి అరకు తోలుతరా?" అని అడిగింది. మామయ్య చనిపోయాక ఆ మాట ఎత్తడం ఇదే మొదలు. తోలనివ్వనని చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ ఎలా ఆపాలో నాకే తెలియదు.

మిషను తొక్కుతుంటే ఒక ఉపాయం తట్టింది. ఎలాగూ లేచాక తినడానికి కారం దంచి పెట్టుకోవాలి. అటకమీద అత్తమ్మ కాలంనాటి రోకళ్ళు నాలుగున్నాయి, పెరట్లో పెద్ద రోలుంది. నలుగురం కలిసి దంచితే వ్యాయామానికి వ్యాయామం, కారానికి కారం. ఒళ్ళు వంచడం ఎలాగూ తప్పనప్పుడు ఒక పనైనా తీరాలి కదా.

అత్తమ్మకు చెబితే ముఖం వెలిగిపోయింది. నేనింత తెలివైనదాన్నని పెళ్ళయిన పదిహేనేళ్ళకు ఒప్పుకుంది.

తలుపుకు 77 రోజులు

అత్తమ్మ రోలు కడిగి పసుపు పెట్టి మా చేతులకు రోకళ్ళిచ్చింది. వరస కూడా ఆమే చెప్పింది. ముందు నేను, తర్వాత ఓదేలు, తర్వాత తొలకరి, చివర తను.

"నలుగురు ఒక్కపారి వేస్తె పొన్నులు తాకి పగుల్తయి. ఒకరి ఎనుక ఒకరెయ్యాలె. నీ రోకలి లేస్తుంటె పక్కదాని రోకలి దిగాలె. నడుమ సందు ఉండొద్దు."

"చెయ్యి నొస్తె బాపమ్మా?" అని తొలకరి అడిగింది.

"నొస్తె ఆగు. నీ పక్కకున్నామె నీ వంతు గూడ ఏస్తది. రోలు మాత్రం ఊకె ఉండొద్దు. మేం పది మందిమి దంచేటోళ్ళం, ఒక్కతి నీళ్ళు తాగ పోయినా చప్పుడు మారకపోయేది."

మొదట రోకళ్ళ చివరి ఇనుప పొన్నులు రెండుసార్లు తాకాయి. మూడోసారి తొలకరి కాలి మీద పడబోయింది. తర్వాత ఏమైందో ఏమో, కుదిరింది. దడ్, దడ్, దడ్, దడ్. నాలుగో పోటుకు అత్తమ్మ ఊపిరి వదులుతూ "హుఁ" అంటుంది. అది విని నేను మొదటిది వేయాలి. నలభై నిమిషాలు ఎలా పోయాయో తెలియలేదు.

తలుపుకు 66 రోజులు

మైకు కూయకముందే లేస్తున్నాం. లేపే పని లేదు. ఓదేలు లుంగీ రెండు వేళ్ళు వదులైంది, రోజుకోసారి నాకు చూపించి మురుస్తున్నాడు. తొలకరి జడ వేసుకోకుండానే రోకలి పట్టుకుని నిలబడుతోంది. పక్కింటి వాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూసి, "మీరు మంచిగున్నరు, మా ఇంట్ల కొట్లాటలే" అన్నారు. నాకు గర్వంగా ఉంది. దాచడం ఎందుకు?

పట్టీలు చూడటం మానేశాం. చప్పుడు వింటేనే తెలుస్తోంది బాగా కుదిరిందని.

తలుపుకు 60 రోజులు

సిస్టర్ పట్టీలు చూసింది. విప్పి, తుడిచి, మళ్ళీ కట్టి చూసింది.

ఓదేలు 25. తొలకరి 50. అత్తమ్మ 75.

"నిన్న?" అంది. నిన్నా అంతే. మొన్నా అంతే. పట్టీలో దాచిన అంకెలన్నీ పైకి లాగి చూసింది. పన్నెండు రోజులుగా ఒక్క అంకె అటూ ఇటూ కాలేదు.

"ఏం చేస్తున్నరు మీరు?"

పెరట్లోకి తీసుకెళ్ళి రోలు చూపించాను. కాసేపు రోలునూ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, అక్కడే కూలబడింది.

"అక్కా, మీ గుండెలను కలువుమంటె వంతులు పెట్టుకున్నరేందే? నీది కొట్టినంక బావది, బావది కొట్టినంక పొల్లది, పొల్లది కొట్టినంక అవ్వది. నాలుగు కలిసి ఒక్కపారి కొట్టకపోతె పంపు ఎట్ల పట్టుకుంటది?"

ఉపాయం నాది. వరస అత్తమ్మ నేర్పిందే గానీ దంచుదామన్నది నేను. ఆ మాట సిస్టరుతో ఒప్పుకున్నాను.

తలుపుకు 53 రోజులు

రోకళ్ళు అటకెక్కించాం. వారం రోజులుగా మైకు ముందే ఎగురుతున్నాం, బుద్ధిగా, చేతులన్నీ ఒక్కసారే లేపి. 25, 50, 75. చేతులు కలుస్తున్నాయి, గుండెలు కలవడం లేదు.

మధ్యాహ్నం మిషను మీద కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. గుండె ఒకటే పరుగు. కిటికీలోంచి చూస్తే అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని ఛాతీ పట్టుకుంది. అదే సమయానికి ఓదేలు పొలంలో పార కింద పెట్టేసి నిలబడ్డాడట, సాయంత్రం చెప్పాడు. తొలకరి బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. పరుగు పందెంలో మొదటి బహుమతి.

దాన్ని మెచ్చుకోవడం మరిచి, పందెం ఎన్నింటికని అడిగాను.

తలుపుకు 45 రోజులు

ఈ కాగితం విడిగా రాస్తున్నాను. పుస్తకంలో పెడితే సిస్టర్ చదువుతుంది. తర్వాత ఎప్పుడైనా కుట్టి కలుపుతాను.

నా కాలు మిషను తొక్కే తీరు మారింది. నాలుగు కుట్లు, నాలుగు కుట్లు చొప్పున పడుతున్నాయి. నేను కావాలని చేయడం లేదు. ఇవాళ ఒక చొక్కా చేయి కుట్టి, తిప్పి చూస్తే మూడు చోట్ల కుట్టు తప్పింది. ప్రతిసారీ నాలుగో కుట్టే. సూది బాగుంది, దారం బాగుంది. కుట్టు తప్పిన ప్రతిసారీ నాకు కాలికింద మెట్టు లేనట్టు అనిపించింది. ఆ మూడుసార్లూ వంటింట్లో తొలకరి చేతిలో గ్లాసు ఆగడం నేను చూశాను.

అత్తమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను.

"అత్తమ్మా, గుండెల ఏమన్నైతున్నదా?"

ఆమె చాలాసేపు నా చేతిలోని చొక్కా చేతిని వేళ్ళతో తడిమింది. కుట్టు తప్పిన చోటల్లా వేలు ఆగింది.

"అప్పుడప్పుడు ఒకటి తప్పుతాంది బిడ్డా. చెప్పకు. చెప్తె తోలుతరు."

చెప్పనన్నాను. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా చెప్పనన్నాను.

తలుపుకు 38 రోజులు

మొన్న అత్తమ్మ తనే మూట కట్టుకుని పై వాడలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయింది. తను దూరంగా ఉంటే మా ముగ్గురివీ ఒకటవుతాయని, తను ఒంటి అరకు పోతానని పట్టుబట్టింది. ఓదేలు అరిచాడు. "అవ్వా, బాపు పోయిన తీరుగనే నువ్వు గూడ పోతవా? నేను చూసుకుంట కూసుండాల్నా?" అని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం ఇది రెండోసారి. అయినా ఆమె పోయింది.

రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఇంట్లో నడవడమే మరిచిపోయాం. మూడడుగులు వేస్తే నాలుగోదానికి కాలు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఓదేలు వాకిట్లో పడ్డాడు. తొలకరి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేది. మాట్లాడుకుంటుంటే మధ్యలో ముగ్గురం ఒకేసారి ఆగి, ఎవరో మాట్లాడాల్సి ఉన్నట్టు గుమ్మం వైపు చూసేవాళ్ళం. పట్టీల్లో 25, 50. ఆ పైన ఖాళీ. ఆ ఖాళీ అలాగే ఉంది, పూడలేదు.

రెండో రోజు తొలకరి బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది. నేనే పోయి అత్తమ్మ మూట మోసుకుని ఆమెను ఇంటికి తెచ్చాను. ఆమె మా వీధి మలుపు తిరగ్గానే ఛాతీలో ఏదో తన చోట కూర్చున్నట్టయింది. కడుపు నిండా అన్నం తిన్నంత హాయిగా ఉంది. ఆ హాయికే నాకు భయం వేసింది.

తలుపుకు 30 రోజులు

ప్రమీల సిస్టర్ మా కోసం పంపు పనివాళ్ళతో పోట్లాడి వచ్చింది.

"ఒకటే దారి ఉన్నదక్కా. పంపును నిమిషానికి ఆరు కాదు, ఇరవై నాలుగు కొట్టిస్త. మొదటి దెబ్బ నీది, రెండోది బావది, మూడోది పొల్లది, నాలుగోది అవ్వది. మనిషికి ఆరే పడుతయి."

"ఇంకేం మరి, అయిపాయె కదా" అన్నాడు ఓదేలు.

"కాలేదు బావా. పంపుకు లెక్కంటె లెక్కే. నాలుగు దెబ్బలల్ల ఒకటి పడకుంటె ఒకటి రెండుసార్లు చూస్తది. వరుసగ మూడుసార్లు పడకుంటె అరల మనుషులు లేరనుకుంటది, ఆగిపోతది. దాన్ని మల్ల నడిపేటందుకు లోపల ఎవరూ మెలకువతోని ఉండరు."

సిస్టర్ మా అందరి ముఖాలూ చూసింది. "ఎవరికన్నా గుండె జబ్బు ఉన్నదా?" అని అడిగింది.

నేను నేల చూశాను. అత్తమ్మ తొలకరి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"లేదు బిడ్డా" అంది.

తలుపుకు 21 రోజులు

రోకళ్ళు మళ్ళీ దించాం. ఇప్పుడు కలపడానికి కాదు, తప్పకుండా ఉండటానికి. పొద్దున నలభై నిమిషాలు, రోజు తప్పడం లేదు. ఒకప్పుడు చలి అని ముసుగు తన్నినదాన్ని, ఇప్పుడు అందరికంటే ముందు లేచి రోలు తుడుస్తున్నాను.

మధ్యాహ్నం పూట బాపమ్మా మనవరాలూ ఇద్దరే పెరట్లో దంచుకుంటున్నారు. పిల్లకు సరదాగా ఉందేమో అనుకున్నాను. ఇవాళ కిటికీలోంచి చూశాను. అత్తమ్మ ఊరికే నిలబడి తొలకరి చేతులు చూస్తోంది. తొలకరి ఒక్కతే రెండు పోట్లు వేస్తోంది, ఒకదాని వెనక ఒకటి. రెండోదానికి "హుఁ" అంటోంది. అచ్చం అత్తమ్మలాగే. నాకు నవ్వొచ్చింది.

"గట్ల గాదే, ఎగపోసుకోకు. నా వంతు ఏసినట్టు ఎయ్యి" అని అత్తమ్మ సరిదిద్దుతోంది.

(కుట్టాల్సిన కాగితం: ఈ వారం చొక్కా చేతికి తప్పిన కుట్లు పదకొండు.)

తలుపుకు 10 రోజులు

పరీక్ష. ఇదీ కుట్టాల్సిన కాగితమే. గనిలోకి దించి, అరలో నలుగురినీ వరసగా పడుకోబెట్టి, గంటసేపు పంపు నడిపారు. ఇరవై నాలుగు. కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టలేదు గానీ ఛాతీలో రోలు చప్పుడు వినబడింది. ఆ గంటలో అత్తమ్మది రెండుసార్లు తప్పింది, వరసగా కాదు. పంపు ఊరుకుంది. నేను పెదవి కొరుక్కుని పడుకున్నాను.

పాసయ్యామని సిస్టర్ మా భుజాలు తట్టింది. ఆమెతో అబద్ధమాడినందుకు సిగ్గుగా ఉంది. ఇంకో దారి ఉంటే చెప్పేదాన్ని.

తలుపుకు 1 రోజు

ఎండ గోడలను కాలుస్తోంది. బావి అడుగు కనబడుతోంది. కారం సీసాల్లో పోసి అటకెక్కించాను. చివరి నిద్రబట్టలు మా నలుగురివే. అత్తమ్మ చొక్కాకు మాత్రం మిషను వాడలేదు, చేత్తో కుట్టాను. ఒక్క కుట్టు కూడా తప్పలేదు.

ఇవాళ కూడా దంచాం. రోట్లో వేయడానికి ఏమీ లేకపోతే గుప్పెడు తవుడు వేసింది అత్తమ్మ. అయిపోయాక నాలుగు రోకళ్ళు గోడకు ఆనించి, తొలకరి తల నిమిరి, "యాదికున్నదా?" అంది.

"ఉన్నది బాపమ్మా" అంది తొలకరి.

ఏమిటది అని అడిగితే ఇద్దరూ నవ్వారు. పుస్తకం మూసి నాతో తీసుకుపోతున్నాను.

తలుపు తీశాక 1వ రోజు

లేచాను. ముందు నేను, తర్వాత ఓదేలు. బయట వాన చప్పుడు. ఛాతీలో నాలుగూ వినబడుతున్నాయి, దడ్, దడ్, దడ్, దడ్. అందరం ఉన్నాం అనుకున్నాను. అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. అది కూడా రాసి పెట్టాలి.

పక్కకు తిరిగి అత్తమ్మ చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. చలికి చల్లబడిన చేయి కాదు.

సిస్టర్ పంపు లోపలి కాగితం చుట్ట లాగి చదివింది. ముప్పై ఒకటో రోజు నాలుగో దెబ్బ పడలేదు. పంపు చూసింది. రెండోసారి కూడా పడలేదు. మూడోసారి పడింది. ఆ తర్వాత డెబ్బై తొమ్మిది రోజులు ఒక్కటి తప్పకుండా పడింది. పంపు మమ్మల్ని నూట పది రోజులూ నలుగురనే అనుకుంది.

"అవ్వ గుండె ముప్పై ఒకటో రోజే ఆగిందక్కా. మరి గీ నాలుగోది ఎవరిది?" అంది సిస్టర్.

నేను తొలకరి వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉంది. బుగ్గలు పీక్కుపోయి, మెడ నరాలు పైకి తేలి, ఎంతో దూరం పరిగెత్తి వచ్చినదానిలా ఉంది. ఒక ఊపిరి మామూలుగా, ఒక ఊపిరి "హుఁ" అంటూ వదులుతోంది.

"బాపమ్మ చెయ్యి నొచ్చింది అమ్మా. ఆమె వంతు నేనేసిన" అంది.

ఓదేలు గోడకు తల ఆనించి "అవ్వా" అంటూ కూలిపోయాడు. నేను ఏడవలేదు. పిల్ల నా కొంగు పట్టుకుని ఇంకో మాట అడిగింది.

"ఇగ దించొచ్చా?"

తలుపు తీశాక 3వ రోజు

అత్తమ్మను మామయ్య పక్కనే పెట్టి వచ్చాం. వాన ఆగలేదు.

మాకు గుండె నిమిషానికి డెబ్బై కొట్టుకుంటోంది. తొలకరికి నూట నలభై, నిద్రలో కూడా. సిస్టర్ నన్ను వాకిట్లోకి పిలిచి దాచకుండా చెప్పింది. పన్నెండేళ్ళ గుండె ఇద్దరి బరువు ఎక్కువ కాలం మోయలేదు. నెల, మహా అయితే నెలన్నర. మరి ఆపమందామా అంటే, నిన్న తొలకరి అత్తమ్మ వంతు ఒక్క క్షణం ఆపి చూసింది. ముగ్గురం ఒకేసారి నేలమీద పడ్డాం. పిల్ల భయపడి మళ్ళీ ఎత్తుకుంది.

అత్తమ్మ మీద కోపం వచ్చింది. నాకెందుకు నేర్పలేదు? పిల్లకెందుకు నేర్పింది? పెరట్లోకి పోయి గోడకు ఆనించిన నాలుగు రోకళ్ళను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది. చొక్కా చేయి చూసి అన్నీ తెలిసినదాన్ని, నాకు నేర్పాలని చూస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. నువ్వు పోవద్దంటూ ఏడ్చి గొడవ చేసేదాన్ని. పిల్ల అడగలేదు, నేర్చుకుంది.

వరసలో అత్తమ్మకు రెండు పక్కలున్నాయి. ఒక పక్క తొలకరి. ఇంకో పక్క నేను. నాలుగో పోటు తర్వాత పడేది మొదటిదే.

లోపలికి పోయి తొలకరిని లేపాను.

"దించకు. నాకియ్యి" అన్నాను.

తలుపు తీశాక 8వ రోజు

కుడిచేతిలో నా రోకలి, ఎడమచేతిలో అత్తమ్మది. అరిచేతులు బొబ్బలెక్కాయి. తొలకరికి తెలియకుండానే దాని రెండో పోటు లేస్తుంది. అదే సమయానికి నాదీ దిగుతుంది. పొన్నులు తాకి నిప్పురవ్వలు రాలుతున్నాయి. "పట్టుకో, ఆపుకో" అని ఓదేలు దాని భుజాలు వెనక నుంచి పట్టుకుంటున్నాడు. అది ఏడుస్తోంది.

"బాపమ్మ ఇడిసిపెట్టొద్దన్నదే అమ్మా."

"ఇడిసిపెడ్తలేవు బిడ్డా. చేతులు మారుతున్నది, గంతే."

తొలకరికి నూట ముప్పై రెండు.

తలుపు తీశాక 19వ రోజు

నూట నాలుగు. పిల్ల రెండు రొట్టెలు తిని మూడోది అడిగింది.

తలుపు తీశాక 33వ రోజు

తొలకరికి డెబ్బై. సిస్టర్ మూడుసార్లు చూసింది. నాకు నూట నలభై. సిస్టర్ నా చేయి వదలకుండా, "నీది పెద్ద గుండె, మోస్తది. కానీ ఒక్కరోజు మానినా వంతు మల్ల పొల్ల దగ్గరికే పోతది. అక్కా, నిన్ను ఎరుగుదు కాబట్టి చెప్తున్న" అంది.

ఎప్పుడో చలిగా ఉందని రాసిన మొదటి పేజీ ఆమె చదివినట్టుంది. కుట్టి కలిపిన కాగితాలు కూడా. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

తలుపు తీశాక 34వ రోజు

పొద్దున వాన, చలి. ఎవరూ లేపకుండానే లేచాను. రోలు తుడిచాను. ఓదేలు వచ్చాడు, తొలకరి జడ వేసుకోకుండానే వచ్చింది. మొదటిది నేను, రెండోది ఓదేలు, మూడోది తొలకరి. దాని రెండో పోటు లేవలేదు. నా ఎడమచేయి దిగింది.

"హుఁ" అన్నాను. నేను అనాలని అనుకోలేదు.

ఓదేలు గానీ తొలకరి గానీ తలెత్తి చూడలేదు. నలభై నిమిషాలు దంచాం.